మెట్రో లెక్కల్లో మన ఇళ్ళు

కోయంబత్తూరు, మదురై నగరాల మెట్రో రైలు ప్రతిపాదనలను 2025 నవంబరులో కేంద్ర ప్రభుత్వం వెనక్కి పంపిన సంగతి పాఠకులకు తెలిసిందే. 2017 మెట్రో విధానం కోరే 20 లక్షల జనాభా, 2011 జనగణన ప్రకారం ఈ నగరాలకు లేదన్నది చెప్పిన కారణాల్లో ఒకటి. అయితే అదే జనగణనలో చుట్టుపక్కల ఊళ్ళను కలుపుకుంటే కోయంబత్తూరు 21 లక్షలు దాటింది. గీత ఎక్కడ గీస్తామన్న దాన్నిబట్టి లెక్క మారుతుందన్నమాట!

ఇళ్ళ లెక్క ఇంకా చిక్కైనది. స్టేషనుకు 500 నుంచి 800 మీటర్ల లోపు, అంటే నడిచి వెళ్ళగల దూరంలో, ఎక్కువ మంది నివసించేలా కట్టాలన్నది 2017లోనే వచ్చిన మరో జాతీయ విధానం. అందుకు ఎన్ని ఇళ్ళు, ఎంత అద్దెకు కావాలో ముందే అంచనా వేయాలి. ఉదాహరణకు లక్ష మంది ఇంటికి ఐదుగురు చొప్పున ఉంటే 20 వేల ఇళ్ళు చాలు. నలుగురే ఉంటే 25 వేలు కావాలి. జనం ఒక్కరూ పెరగకుండానే 5 వేల ఇళ్ళు పెరిగాయి!

బ్యాంకు ఉద్యోగిగా ఒక మాట చెబుతాను. గృహరుణాల ఫైళ్ళు చూసి గిరాకీ అంచనా వేస్తే సగం బొమ్మే కనిపిస్తుంది. జీతం చీటీ ఉన్నవారు అందులో ఉంటారు. అద్దెకుండేవారు, ఇంట్లోనే కుట్టుపని చేసుకునేవారు, రెండు గదుల్లో సర్దుకునే అన్నదమ్ముల కాపురాలు ఉండవు.

మదురైకి మనవాళ్ళు నాయకరాజుల కాలం నుంచి వచ్చి స్థిరపడ్డారు. కోయంబత్తూరులో 1930లలో పైకారా కరెంటుతో మిల్లులు పెరిగినప్పుడు పీలమేడు ప్రాంతంలో తెలుగు కుటుంబాలు ముందున్నాయి. ప్రతిపాదిత మార్గాల్లో ఒకటి ఆ పీలమేడు మీదుగా పోయే అవినాశి రోడ్డే. దారి బాగుపడితే స్థలం ధర పెరుగుతుంది. సొంతదారుకు అది లాభమే. ముందుగా ఊరి చివరికి పోవలసి వచ్చేది అద్దెవారే. వారితోపాటు ఇరుగుపొరుగు తెలుగు మాటా పలచబడుతుంది.

2027 జనగణనలో ఇళ్ళ జాబితాకు ప్రకటించిన ప్రశ్నల్లో ఇల్లు సొంతమా అద్దెదా, గదులెన్ని, కాపురముండే జంటలెన్ని అన్నవి ఉన్నాయి. మొహమాటపడి “ఏదో సర్దుకుంటున్నాం లెండి” అనకుండా ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. నగర ప్రణాళికపై అభిప్రాయాలు అడిగినప్పుడు, స్టేషను దగ్గర చిన్న అద్దె ఇళ్ళకూ చోటుంచమని మన సంఘాలు వ్రాసి ఇవ్వాలి. కాగితం మీద కనబడని కాపురానికి ప్రణాళికలో గది దొరకదు.