వెలుగు ఎక్కణ్ణుంచి వస్తోంది?

హీరో ఎవరు, హీరోయిన్ ఎవరు అని అడిగే మనం “ఫొటోగ్రఫీ ఎవరిది?” అని అడగడం తక్కువ. నేను మాత్రం టైటిల్సులో ముందు ఆ పేరే వెతుక్కుంటాను. ఈ అలవాటు నాకు అంటించినవాడు సుబ్రత మిత్ర. సత్యజిత్ రాయ్ ‘పథేర్ పాంచాలి’కి (1955) కెమెరా పట్టిన కలకత్తా కుర్రాడు.

1930లో పుట్టిన ఈ సైన్సు స్టూడెంటుకి సినిమాల పిచ్చి. ‘గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్’, ‘ది థర్డ్ మ్యాన్’ చిత్రాల్లో వెలుగునీడలు చూసి, అయితే కెమెరామన్నే అవ్వాలనుకున్నాడు. ఇక ఫొటోల్లో అతని ఆరాధ్యదైవం ఫ్రాన్సు దేశపు హెన్రీ కార్టియే బ్రెస్సాన్. ఫ్లాష్ జోలికి పోకుండా, ఉన్న వెలుతురులోనే మనుషుల్ని ఉన్నట్టుగా పట్టుకునే మహానుభావుడు!

సరిగ్గా అప్పుడే ఫ్రెంచి దర్శకుడు జాన్ రెన్వార్ ‘ది రివర్’ (1951) తీయడానికి బెంగాలు వచ్చారు. కెమెరా శాఖలో చేర్చుకోమని మిత్ర వెళ్ళి అడిగితే కుదరదన్నారు. చివరికి తండ్రి కల్పించుకుని మాట్లాడితే షూటింగు చూడనిచ్చారు. ఒట్టి చూడటమే! మరొకరైతే రెండ్రోజుల్లో విసుగెత్తి ఇంటిదారి పట్టేవారు. మిత్ర నోటుబుక్కు తెరిచాడు. ఏ లైటు ఎక్కడ పెట్టారు, నటులు ఎటు నడిచారు, కెమెరా ఎటు తిరిగింది... అన్నీ బొమ్మలు గీసుకున్నాడు. స్టిల్సు తీసుకున్నాడు. పోనుపోను రీటేకుకి ముందు ఛాయాగ్రాహకుడు క్లాద్ రెన్వారే ఆ పుస్తకం అడిగి చూసుకునేవాడట!

రాయ్‌తో పరిచయం ఆ రోజుల్లోదే. 1952లో ‘పథేర్ పాంచాలి’ మొదలయ్యేనాటికి మిత్రకి 22 ఏళ్ళు. అంతవరకు మూవీ కెమెరా నడిపి ఎరగడు. డబ్బు దొరక్క ఆగుతూ సాగుతూ నడిచిన సినిమా అది. రాయ్ భార్య నగలు సైతం తాకట్టుకి వెళ్ళాయి. అలాంటి సినిమాని ఓ కుర్రాడి చేతుల్లో పెట్టడం ఎంత సాహసమో ఊహించండి!

ఇక ‘అపరాజితో’ (1956) సంగతి. కాశీలోని పాతకాలపు ఇంటి సెట్టు. మన మండువా లోగిలి గుర్తు తెచ్చుకోండి: వెలుగంతా పైన ఆకాశంలోంచే దిగుతుంది, నీడలు గాఢంగా పడవు. వానల భయంతో ఆ సెట్టుని స్టూడియోలోపల వేయాల్సి వచ్చింది. లైట్లు సూటిగా కొడితే గోడలమీద మనిషికి రెండు మూడు నీడలు! మిత్ర ఏం చేశాడో తెలుసా? సెట్టుపైన తెల్లగుడ్డ పరిచి కట్టించి, కిందనుంచి లైట్లు దానిమీదికి వేయించాడు. గుడ్డకి తగిలి తిరిగొచ్చిన వెలుగు అచ్చం ఆకాశంలోంచి దిగినట్టే మెత్తగా పరుచుకుంది. నేను ఎన్నిసార్లు చూసినా, అది స్టూడియో అని మనసు ఒప్పుకోదు.

‘నాయక్’ (1966) వరకు రాయ్‌కి పది చిత్రాలు చేసిన మిత్ర 2001లో కన్నుమూశారు. కెమెరా కొనుక్కుని ఫొటోలు తీస్తున్న తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! ఈసారి మీటనొక్కేముందు ఒక్క క్షణం ఆగి, వెలుగు ఎక్కణ్ణుంచి వస్తోందో చూడండి. మిత్ర నేర్చుకున్నది అక్కణ్ణుంచే.