తొట్టిలోని చేప వెలిసిపోతే

పండక్కి పట్నం వెళ్లినప్పుడు పిల్లలు ముచ్చటపడి రెండు గోల్డ్ ఫిష్‌లు కొనిపించుకుంటారు. తెచ్చిన కొత్తలో నిప్పుకణంలా మెరిసిన చేప, కొన్ని నెలలకే వెలిసిన గుడ్డలా తయారవుతుంది. కొట్టువాడు మోసం చేశాడని మనం అనుకుంటాము. నిజానికి చాలా ఇళ్లలో కారణం ఆ తొట్టిలోనే ఉంటుంది.

చేప చర్మంలో రంగును పట్టి ఉంచే సన్నని కణాలున్నాయి. చేప బెదిరినా, జబ్బుపడినా, చీకట్లో నిద్రపోయినా వాటిలోని రంగు ముడుచుకుపోతుంది. కాబట్టి తెల్లవారి లైటు వేయగానే చేప పాలిపోయి కనిపిస్తే కంగారు పడవద్దు. పగలంతా అలాగే ఉంటే మాత్రం అది నోరులేని ప్రాణి చెప్పే మొదటి మాట అని గ్రహించాలి.

ముందుగా నీళ్లు చూడండి. చేప విసర్జన, తినకుండా మిగిలిన మేత కుళ్లి అమ్మోనియా పుడుతుంది. నీళ్లు తేటగానే ఉంటాయి గాని చేపకు అది విషం. వారానికొకసారి నాలుగో వంతు నీళ్లు తీసి కొత్త నీళ్లు పోయండి. కుళాయి నీళ్లలో బ్లీచింగ్ పౌడరు కలుపుతారు గనుక బకెట్‌లో పట్టి ఒక రోజు మూత లేకుండా ఉంచాలి. బోరు నీళ్లయితే చెంబుతో పలుమార్లు ఎత్తిపోసి గాలి తగలనివ్వాలి. తొట్టినంతా ఖాళీ చేసి సబ్బుతో కడగడం వద్దు. అమ్మోనియాను విరిచే సూక్ష్మజీవులు గులకరాళ్లకు, ఫిల్టరు స్పాంజికి అంటుకుని ఉంటాయి. స్పాంజిని తొట్టిలోంచి తీసిన నీళ్లలోనే పిండండి.

రెండవది మేత. ఎరుపు, నారింజ, పసుపు రంగులకు కావలసిన కెరోటినాయిడ్లను చేప తన ఒంట్లో తయారుచేసుకోలేదు. క్యారెట్‌కూ, ఉడికిన రొయ్యకూ రంగునిచ్చేవి ఇవే. అన్నం మెతుకులు, బిస్కెట్ ముక్కలు వేస్తే ఆ రంగు ఎక్కడినుండి వస్తుంది? స్పిరులినా కలిసిన మేత కొనండి. అప్పుడప్పుడు ఉప్పూ కారం లేకుండా ఉడికించిన క్యారెట్, తొక్క తీసిన బఠానీ, సన్నగా తరిగిన రొయ్య కొంచెం పెట్టండి. రెండు నిమిషాల్లో తినేంత మాత్రమే వేయాలి. ఫలితం కనబడడానికి కొన్ని వారాలు పడుతుంది.

మూడవది చోటు. తెల్లని రాళ్లమీద చేప తన రంగు తగ్గించుకుంటుంది. ముదురు రంగు గులకరాళ్లు, దాక్కోవడానికి నాలుగు మొక్కలు ఉంచండి. లైటు రోజుకు 8 నుండి 10 గంటలు చాలు. రాత్రి ఆర్పివేయాలి. గోల్డ్ ఫిష్ మన చెరువుల్లో పెంచే బొచ్చె, రాగండి కుటుంబానికి చెందినదే. అది జానెడు పొడవు పెరుగుతుంది గనుక చిన్న గాజుగిన్నె దానికి చాలదు.

ఒంటిమీద ఉప్పు రవ్వల్లాంటి తెల్లచుక్కలు కనబడితే అది పరాన్నజీవి వలన వచ్చే జబ్బు. వెంటనే మందు వాడాలి. వయసుతో గోల్డ్ ఫిష్ నారింజ నుండి తెలుపుకు మారితే అది పుట్టుకతో వచ్చిన గుణం, ఆ రంగు తిరిగి రాదు. సూదితో రంగు ఎక్కించి అమ్మే గాజుచేపల రంగు కూడా కొన్నాళ్లకు పోతుంది. ఆ చేపలు పడిన బాధ తలచుకుని వాటిని కొనకపోవడమే మంచిది.

రంగు పెంచే మందు సీసా కొనేముందు ఇవన్నీ సరిచూడండి. రోజూ ఉదయం మేత వేసేటప్పుడు ఒక్క నిమిషం చేపను పరీక్షగా చూడడం ఇంట్లో ఒక బిడ్డకు అప్పగించండి. రంగు తగ్గిన రోజే గమనించి నీళ్లు మారిస్తే ఆ చేప బ్రతుకుతుంది.