‘అన్‌మెట్ డిపెండెన్సీస్’ అని వస్తే ఏం చెయ్యాలె?

ముప్కాల్ నుంచి మాట్లాడుతున్న. ఈ ఎపిసోడ్‌లో లైనక్స్ కొత్తగా వేసుకున్నోళ్లను బాగా సతాయించే ఒక ఎర్రర్ గురించి చూద్దాం. ఉబుంటులో యాప్ ఎక్కిస్తుంటే ‘అన్‌మెట్ డిపెండెన్సీస్’ అని వస్తది. చాలామంది భయపడి, నెట్‌లో దొరికిన కమాండ్ కాపీ చేసి ఎంటర్ కొట్టేస్తరు. అసలు ప్రమాదం అక్కడే ఉంది.

ముందు డిపెండెన్సీ అంటే ఏంది? మన దిక్కు పసుపు సంగతి తెలుసు కదా. తవ్వాలె, ఉడకబెట్టాలె, ఎండబెట్టాలె, పాలిష్ పట్టాలె. అప్పుడే నిజామాబాద్ మార్కెట్ యార్డుకు పోతది. పచ్చి కొమ్ముకు పాలిష్ పట్టదు. ప్యాకేజీలూ అంతే. ఒకటి నడవాలంటే దానికంటే ముందు ఇంకోటి, అదీ సరైన వెర్షన్‌ది, సిస్టమ్‌లో ఉండాలె.

మరి ఎర్రర్ ఎందుకొస్తది? డెబ్ ఫైల్‌ను ‘డీపీకేజీ’తో ఎక్కిస్తే, అది ఆ ఒక్క ఫైల్‌నే పెడ్తది. కావాల్సిన మిగతావాటిని నెట్ నుంచి తెచ్చే పని ‘ఆప్ట్’ది. ఇంకో కారణం, వేరే వెర్షన్ ఉబుంటు కోసం చేసిన రిపాజిటరీని మన సిస్టమ్‌కు కలుపుకోవడం.

ఇప్పుడు వరుసగా చెయ్యండి. కమాండ్లు ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టాలె.

1. ‘సుడో ఆప్ట్ అప్‌డేట్’. ప్యాకేజీల లిస్టు కొత్తదవుతది.
2. ‘సుడో డీపీకేజీ --కన్ఫిగర్ -ఏ’. సగంలో ఆగిన సెటప్‌లు పూర్తవుతయి.
3. ‘సుడో ఆప్ట్ --ఫిక్స్-బ్రోకెన్ ఇన్‌స్టాల్’. తక్కువైనవి తెచ్చుకుంటది, కుదరకపోతే కొన్నింటిని తీసేస్తనంటది.
4. ఇంకా తెగకపోతే ‘ఆప్ట్ పాలసీ’ పక్కన ప్యాకేజీ పేరు కొట్టండి. ఏ వెర్షన్ ఎక్కడి నుంచి వస్తుందో చూపిస్తది. తేడా ఉన్న రిపాజిటరీని తీసేసి, మళ్లీ మొదటి స్టెప్ నుంచి రండి.

మూడో స్టెప్‌లో ‘వై’ నొక్కేముందు తీసేసేవాటి లిస్టు తప్పకుండా చదవండి. 2021లో కెనడా యూట్యూబర్ లైనస్ సెబాస్టియన్ పాప్ ఓఎస్‌లో స్టీమ్ ఎక్కించబోయిండు. అప్పుడు ఆ ప్యాకేజీ డిపెండెన్సీల్లోనే తేడా ఉండె. ముఖ్యమైన ప్యాకేజీలు పోతయని ఆప్ట్ హెచ్చరించింది, అయినా కావాలంటే ‘యెస్, డూ యాజ్ ఐ సే’ అని టైప్ చెయ్యమంది. ఆయన చేసిండు. డెస్క్‌టాపే పోయింది! తర్వాత ఆప్ట్ తయారుచేసేవాళ్లు అట్లా తీసేయడాన్ని ఇంకా కష్టం చేసిన్రు. కానీ లిస్టు చదవాల్సింది మాత్రం మనమే.

ల్యాప్‌టాప్ లేదా? ఫోన్‌లో టెర్మక్స్ వాడేటోళ్లకు కూడా ఇదే కథ. పాత ప్యాకేజీలను అట్లనే ఉంచి కొత్తదొక్కటి ఎక్కిస్తే లైబ్రరీ దొరకలేదనే ఎర్రర్ రావచ్చు. ముందు ‘పీకేజీ అప్‌గ్రేడ్’ కొట్టి, అన్నీ కొత్తవయ్యాక కావాల్సింది ఎక్కించుకోండి.

ఇకనుంచి డెబ్ ఫైల్ ఉంటే, ఆ ఫోల్డర్‌లోనే టెర్మినల్ తెరిచి ‘సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్’ అని, పక్కన చుక్క, స్లాష్, ఫైల్ పేరు కొట్టండి. కావాల్సినవన్నీ ఆప్టే తెచ్చుకుంటది. ఎర్రర్‌లో ఏ ప్యాకేజీ పేరుందో ముందు అది చదవండి, సగం జవాబు అందులోనే ఉంటది. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటా మరి!