బస్టాపుకు మూడు కిలోమీటర్ల అవతల

రొమేనియాలోని పెద్ద నగరాల్లో క్లూజ్-నపోకా ఒకటి. ఐటీ కంపెనీలు, పేరున్న విశ్వవిద్యాలయం, పాత కోట గోడలు, చర్చిలు అన్నీ అక్కడున్నాయి. 2018 నుంచి ఆ నగరంలో ఎలక్ట్రిక్ బస్సులు తిరుగుతున్నాయి. 2021లో శుక్రవారాల్లో సిటీ బస్సు ప్రయాణాన్ని ఉచితం చేశారు. నగర రవాణా మీద పనిచేసేవాళ్లం ఇలాంటివి చదివినప్పుడు సంతోషిస్తాం. అయితే టికెట్ ధర కంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: బస్టాపు ఎవరి ఇంటికి ఎంత దూరం?

2010 డిసెంబర్ 17న, గడ్డకట్టే చలిలో, నగరం మధ్యనున్న కోస్తేయ్ వీధి నుంచి 76 రోమా కుటుంబాలను, అంటే సుమారు 350 మందిని, మునిసిపాలిటీ ఖాళీ చేయించింది. వాళ్లేమీ నిన్నమొన్న వచ్చినవాళ్లు కారు. చాలామందికి నగరంలో పనులున్నాయి, పిల్లలు దగ్గరి బళ్లలోనే చదువుతున్నారు. వాళ్లను తీసుకెళ్లి నగర శివార్లలోని పాతా రిట్‌లో దింపారు. అప్పట్లో అక్కడ నగరం చెత్తంతా పోసే డంపింగ్ యార్డు ఉండేది. ఆ యార్డునే నమ్ముకుని బతికే మరికొన్ని పేద బస్తీలు అప్పటికే ఉన్నాయి. 40 కుటుంబాలకు తలా ఒక గది ఇచ్చారు. గది 16 నుంచి 18 చదరపు మీటర్లు. నాలుగు కుటుంబాలకు కలిపి ఒక స్నానాల గది. మిగిలినవాళ్లకు అది కూడా దక్కలేదు. పక్కనే ఏదో ఒకటి కట్టుకోవాల్సి వచ్చింది.

అప్పట్లో అక్కడికి దగ్గరి బస్టాపు రెండు మూడు కిలోమీటర్ల దూరం. దీన్ని ఒక రోజు లెక్కలో చూడండి. నడకకే అరగంటకు పైగా పడుతుంది. వానాకాలం బురద, చలికాలం మంచు. పొద్దున్న షిఫ్టుకు వెళ్లాలంటే చీకట్లోనే బయల్దేరాలి. బడికెళ్లే పిల్లకూ అదే దారి. చెత్త వాసన పట్టిన బట్టలతో తరగతిలో కూర్చోవడం ఎంత కష్టమో ఆ తల్లిదండ్రులు పదేపదే చెప్పారు. ఈ దూరం వల్ల కొందరి పనులు పోయాయి. "మీరు రావద్దు" అని ఎవరూ చట్టం చేయనక్కర్లేదు, దూరమే ఆ పని చేస్తుంది. వాడ దాకా రాని బస్సును చూసిన మనకు దీన్ని వేరే వివరించాల్సిన పని లేదు.

దీని వెనక పాత చరిత్ర ఉంది. నేటి రొమేనియాలో భాగమైన వలాకియా, మోల్దావియా రాజ్యాల్లో రోమాలు సుమారు ఐదు వందల ఏళ్లు బానిసలు. వలాకియాలో దీనికి దొరికిన తొలి రాత 1385 నాటిది: తిస్మానా మఠానికి 40 రోమా కుటుంబాలను ధారాదత్తం చేసిన పత్రం. (రెండుచోట్లా 40 రావడం యాదృచ్ఛికమే, అయినా చదివేటప్పుడు కన్ను అక్కడే ఆగింది.) రాజులు, జమీందారులు, మఠాలు యజమానులు. బానిసత్వం మోల్దావియాలో 1855లో, వలాకియాలో 1856లో పూర్తిగా రద్దయింది. పరిహారం యజమానులకిచ్చారు, బానిసలకు కాదు. క్లూజ్ అప్పుడు ఆ రాజ్యాల్లో లేదు, హాబ్స్‌బర్గ్ పాలనలోని ట్రాన్సిల్వేనియాలో ఉంది. అయినా ఇవాళ క్లూజ్‌లోని విశ్వవిద్యాలయ ప్రధాన భవనం ఉన్న వీధి పేరు మిహాయిల్ కొగల్నిచాను. మోల్దావియాలో బానిసత్వ రద్దు కోసం పోరాడిన నాయకుడాయన. వారసత్వం పేరుపలక మీద ఉంది. బానిసల వారసులేమో చెత్తకుప్ప పక్కన.

కోస్తేయ్ వీధి ఖాళీ చేయించిన మరుసటి ఏడాదే, 2011లో, ఫిబ్రవరి 20ని బానిసత్వ విముక్తి స్మారక దినంగా రొమేనియా చట్టం చేసింది.

రోమానీ భాషకు భారతదేశంతో చుట్టరికం ఉంది కాబట్టి "వాళ్లు మనవాళ్లే" అని మురిసిపోయే మాటలు ఇక్కడ తరచూ వింటాం. మాకు వాటికంటే పాతా రిట్ వాళ్ల పోరాట పద్ధతి ముఖ్యం. వాళ్లు కోర్టుకెళ్లారు, ఏటా డిసెంబర్ 17న నగరంలో నిరసన తెలుపుతున్నారు. "సామాజిక ఇళ్లు ఇప్పుడే" అనే ఉద్యమంలో కలిసి నడుస్తున్నారు. తర్వాతి ఏళ్లలో ఒక పునరావాస ప్రాజెక్టు కింద కొన్ని కుటుంబాలు అక్కడి నుంచి బయటపడ్డాయి, చాలామంది అక్కడే ఉండిపోయారు. వాళ్ల ప్రధాన డిమాండ్ పాతా రిట్‌కు మంచి బస్సు కాదు. బస్సు అవసరమే, కానీ బస్సు వేసి వదిలేస్తే ఆ చెత్తకుప్పే శాశ్వత చిరునామా అవుతుంది. వాళ్లడుగుతున్నది నగరంలో, అందరి మధ్య, బస్టాపు పక్కన ఇల్లు.