పందెముల పంచాంగము

మన పల్లెలలో పందెములకు తేదీని ఒకరు కూర్చుండి నిర్ణయింపనక్కరలేదు. కోతలు ముగిసి, ధాన్యము గాదెకు చేరి, సంక్రాంతి వచ్చినంతనే ఎడ్ల బండలాగుడు పోటీలు తమంతట తామే వచ్చును. శివరాత్రి తిరునాళ్ళకు ఒంగోలు గిత్తలు ఎచ్చట బండ లాగునో ఆ ప్రాంతపు రైతుకు ముందే తెలిసియుండును. పంట, పండుగ, పశువుల తీరిక - ఈ మూడును కలిసి ఆ పట్టికను వ్రాసినవి. కావుననే అది తరతరములుగ పెద్దగా మారలేదు.

యంత్రములతో జరుగు పందెముల సంగతి వేరు. వాని పట్టికను ఏటేట క్రొత్తగా వ్రాయుదురు. వ్రాసినదానిని మధ్యలో కొట్టివేయుదురు. ఒక ఊరి పేరు తీసి మరియొక ఊరి పేరు చేర్చుదురు. ఆటయందు ఆసక్తి లేనివారికి ఇది అంకెల మార్పుగనే తోచును. కాని ఆ మార్పుల వెనుక వాన, భూమి, ధనము, ప్రభుత్వము, ఒక్కొక్కప్పుడు మనుష్యుల ప్రాణములును ఉండును. హైదరాబాదు నగరము ఈ సంగతిని స్వానుభవమున ఎఱుగును.

ముందుగ ఈ పందెములలో మిక్కిలి సులభముగ అర్థమగు దానిని తీసికొందము. దానిని డ్రాగు రేసు అందురు. ఇందు వంపులు లేవు, చుట్లు లేవు. తిన్నని బాటపై రెండు వాహనములు ప్రక్కప్రక్కన నిలుచును. ఎదుట స్తంభమునకు అమర్చిన దీపములు పసుపు నుండి పచ్చకు మారగనే రెండును బయలుదేరును. పావు మైలు దూరమున, అనగా 402 మీటర్ల చివరనున్న గీతను ముందుగ దాటినది గెలిచినట్లు. గెలిచినది మరియొక దానితో తలపడును, ఓడినది ఇంటికి పోవును. నైట్రోమీథేను ఇంధనముతో నడచు మొదటి తరగతి వాహనములు నాలుగు సెకనుల లోపుననే గంటకు 500 కిలోమీటర్లకు మించిన వేగమును అందుకొనును. 2008లో స్కాట్ కలిట్టా అను చోదకుడు ఇట్టి పందెమున ప్రాణము కోల్పోయిన పిమ్మట, ఈ తరగతులకు దూరమును వేయి అడుగులకు, అనగా సుమారు 305 మీటర్లకు తగ్గించిరి.

ఈ ఆటకు ఒక పట్టిక ఏర్పడిన కథ తెలిసికొనదగినది. రెండవ ప్రపంచ యుద్ధానంతరము అమెరికాలో యువకులు పాత కార్లకు బలమైన ఇంజనులు అమర్చి, రాత్రివేళ ఊరి వీధులలోనే పందెములు వేసికొనుచుండిరి. వారిని శిక్షించి మాన్పించుట సాధ్యము కాదనియు, వారికొక స్థలమును, ఒక తేదీని, కొన్ని నియమములను ఇచ్చినచో వీధులు నిరపాయమగుననియు తలచి వాలీ పార్క్స్ అను నతడు 1951లో నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్ అను సంస్థను స్థాపించెను. 1953 ఏప్రిలులో కాలిఫోర్నియాలోని పొమోనా పట్టణమున, సంతమైదానమునకు చేరిన బండ్లు నిలుపు స్థలమున ఆ సంస్థ మొదటి పందెములను జరిపినది. ఆ మరుసటి ఏడు సంస్థ మనుష్యులు కొందరు ఊరూర తిరిగి పందెములను నిరపాయముగ జరుపు విధానమును నేర్పిరి. పట్టిక యనునది వినోదము కొఱకు కాక, రక్షణ కొఱకు పుట్టినదని దీనివలన తెలియుచున్నది.

ఆ పట్టికకు మొదటి దెబ్బ వాన వలన తగిలినది. 1955లో కాన్సస్ రాష్ట్రములోని గ్రేట్ బెండ్ అను ఊరిలో దేశమంతటి పోటీని తొలిసారి ఏర్పాటు చేసిరి. వాన వచ్చి అది మధ్యలో నిలిచిపోయెను. చివరి పందెములను ఆ నవంబరులో, ఎంతో దూరమున అరిజోనా రాష్ట్రములోని ఫీనిక్సు సమీపమున ముగింపవలసివచ్చెను. పిదప ఆ పోటీ 1956లో కాన్సస్ సిటీకిని, తరువాత రెండేండ్లు ఓక్లహోమా సిటీకిని, ఆపై రెండేండ్లు డెట్రాయిటుకును పోయెను. 1961లో ఇండియానాపొలిసు చేరి అచ్చటనే స్థిరపడినది. సెప్టెంబరు మొదటి సోమవారము అమెరికాలో కార్మిక దినము. దానికి ముందున్న శని ఆదివారములతో కలిపి మూడు దినముల సెలవు వచ్చును. దూరప్రాంతపు కుటుంబములు తరలివచ్చుటకు అంతకన్న మంచి సమయము లేదు. ఆ తిథి కుదిరినది గనుకనే ఆ పోటీ స్థిరపడినది.

ఆ 1961లోనే పొమోనాలో చలికాలపు పోటీ చేరినది. కొన్నియేండ్లలో వసంతకాలపు పోటీ, సంవత్సరాంతపు పోటీ కూడ వచ్చి, విడివిడి ఉత్సవములు ఒక ఋతుచక్రముగ మారినవి. 1970 దశకము నడుమ నుండి ఏడాది పొడవునను సంపాదించిన మార్కులను బట్టి విజేతను నిర్ణయించు పద్ధతి వచ్చినది. ఇది పెద్ద మార్పు. అంతకుముందు ఒక ఊరికి పోకున్నను నష్టము ఆ ఊరితోనే తీరిపోయెడిది. ఇప్పుడో, ఒక్క పోటీ తప్పినను ఏడాది శ్రమ వ్యర్థము కావచ్చును. పట్టికలోని ఒక తేదీ కదలినచో ప్రతి జట్టు కదలవలసినదే. 2007 నుండి చివరి కొన్ని పోటీలకు ముందు మార్కులను సవరించి, ముందున్నవారిని దగ్గరగా చేర్చి, తుది వఱకు ఉత్కంఠ నిలుపు ఏర్పాటు చేసిరి. దానితో ఏ ఊరి పోటీ చివరి భాగమున పడునో ఆ ఊరికి విలువ హెచ్చినది.

పట్టిక మారుటకు గల కారణములను నాలుగింటిగా చెప్పవచ్చును.

మొదటిది వాతావరణము. డ్రాగు రేసు చక్రములకు గాళ్ళుండవు. బాటకు జిగురు పదార్థము పూసి పట్టు కలిగింతురు. కొద్దిపాటి చినుకు పడినను ఆ పట్టు పోవును. కనుక తడిబాటపై పందెము అసాధ్యము. 2023 జూనులో ఎప్పింగ్ అను ఊరిలో వాన వలన ఆగిన పందెములను తరువాతి పోటీ జరుగు బ్రిస్టలులో ముగించిరి. ఒక ఊరి టిక్కెట్టు కొన్నవారి ఆట మరియొక ఊరిలో తేలినదన్నమాట!

రెండవది దారి. వాహనములు, పనివారు, పనిముట్లు లారీలపై ప్రయాణము చేయవలెను. అందుచేత ఇరుగుపొరుగు ఊళ్ళను వరుస వారములలో కూర్చుదురు. డెన్వర్, సొనోమా, సియాటిల్ - ఈ మూడింటిని జూలైలో వరుసగా జరుపుట చిరకాలపు ఆచారము. 2023తో డెన్వరు మైదానము మూతపడగనే ఆ మూడు కాళ్ళ పీటకు ఒక కాలు పోయినది. 2024లో మిగిలిన రెండింటిలో సియాటిల్ ముందు, సొనోమా వెనుక జరిగినవి.

మూడవది భూమి. 2019లో ఈ సంస్థ పట్టికలో 24 పోటీలుండెను. 2024లో 20 మాత్రమే. అట్లాంటా, హ్యూస్టన్, టొపీకా, డెన్వర్ పేర్లు తొలగిపోయినవి. 1958లో ఊరి వెలుపల కొండవాలున కట్టిన డెన్వరు మైదానము 65 ఏండ్లకు మూతపడుటలో ఆశ్చర్యము లేదు. ఊరు పెరిగినకొలది చప్పుడు చేయు మైదానమునకు చోటు తఱుగును, నేలకు ధర పెరుగును.

నాలుగవది విపత్తు. 2020లో రెండు పోటీలు జరిగినంతనే మహమ్మారి వచ్చి మార్చిలో అన్నియు ఆగినవి. జూలైలో ఇండియానాపొలిసున మరల మొదలుపెట్టి, ఒకే మైదానమున పలు పోటీలు జరిపి, మొత్తము 11తో ఏడాదిని ముగించిరి. విజేతలను ప్రకటింపగలిగిరి. పట్టిక చిన్నదైనను తెగిపోలేదు.

ఇక మన నగరపు సంగతి. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ తీరమున, లుంబినీ ఉద్యానము, సచివాలయము ప్రక్కగా పోవు 2.8 కిలోమీటర్ల వీధి మార్గమున ఫార్ములా ఈ విద్యుత్ కార్ల ప్రపంచ పోటీ జరిగినది. 11 జట్ల 22 కార్లు పాల్గొన్నవి. ఫ్రెంచి చోదకుడు జాన్ ఎరిక్ వెర్న్ ప్రథముడుగను, న్యూజిలాండు వాడగు నిక్ కాసిడీ ద్వితీయుడుగను నిలిచిరి. 2013లో నోయిడా సమీపమున జరిగిన ఫార్ములా వన్ తరువాత కార్ల ప్రపంచ పోటీ మన దేశమునకు వచ్చుట అదియే ప్రథమము. అంతకు కొలది నెలలకు ముందు, 2022 నవంబరులో, ఇదే మార్గమున ఇండియన్ రేసింగ్ లీగు మొదటి ఘట్టమును తలపెట్టినప్పుడు అది అనుకొన్నట్లు సాగలేదు. డిసెంబరులో మరల జరిపిరి. వీధిని పందెపు బాటగ మార్చుట ఎంత కష్టమో అప్పుడే తెలిసినది.

2024 పట్టికలోను హైదరాబాదునకు ఫిబ్రవరి 10వ తేదీ ఇచ్చిరి. 2023 అక్టోబరు 30న ఒప్పందము జరిగినది. డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వము మారినది. ఆ ఒప్పందము ప్రకారము ముందుకు పోవుటకు క్రొత్త ప్రభుత్వము నిరాకరించుటతో, పందెము రద్దైనట్లు 2024 జనవరి 5న నిర్వాహకులు ప్రకటించిరి. ఒక ఆటకు ప్రజాధనము వెచ్చింపవచ్చునా యను ప్రశ్న ఒకవైపున, ఇచ్చిన మాట నిలుపవలదా యను ప్రశ్న మరొకవైపున వినవచ్చినవి. చెల్లింపుల వ్యవహారము తరువాత విచారణలకును దారితీసినది. ఆ వివాదము మన విషయము కాదు. పట్టికకు ఏమైనదో చూతము. 17 పందెములు 16 అయినవి. జనవరి 27న సౌదీ అరేబియాలో పందెము ముగియగా, తరువాతిది మార్చి 16న బ్రెజిలులో. నడుమ సరిగా ఏడు వారములు ఖాళీ! ఐదు వారముల గడువులో మరియొక నగరము వీధులను మూసి, గోడలు నిలిపి, ఆసనములు వేయుట జరుగని పని. కనుక ఖాళీ ఖాళీగనే మిగిలినది.

దీనితో చెన్నపట్నపు అనుభవమును పోల్చి చూడవచ్చును. అచ్చటి ద్వీప మైదానము చుట్టు 3.5 కిలోమీటర్ల వీధి పందెమును 2023 డిసెంబరు 9, 10 తేదీలకు నిర్ణయించిరి. మిచౌంగ్ తుపాను చెన్నపట్నమును ముంచెత్తి, డిసెంబరు 5న మన బాపట్ల వద్ద తీరము దాటినది. పందెము వాయిదా పడినది. 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీలలో, దీపముల వెలుతురున, అది జరిగినది. తుపాను తేదీని మార్చినది గాని పోటీని తుడిచివేయలేదు. తేదీకి బాధ్యత వహించువారు నిలిచియుండిరి గనుక పట్టిక బ్రతికినది.

మన నగరమందే మరియొక సాక్ష్యము కలదు. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ కాలమున గుఱ్ఱపు పందెములు మౌలాలీ నుండి మలక్‌పేటకు తరలినవి. ఆ మైదానమున వానకాలపు పందెములు, చలికాలపు పందెములు ఏటేట వచ్చిపోవుచునే యున్నవి. స్థిరమైన నేల, అంగీకరించిన ఋతువు, జవాబుదారీ గల సంఘము - ఈ మూడు నున్నచోట పట్టిక నిలుచును. వీనిలో ఏది లోపించినను ఒక ఏటి వైభవముతో సరి.

ఈ చర్చ ఆటగాండ్రకు మాత్రమే సంబంధించినది కాదు. నార్సింగి వైపు చూడుడు. గండిపేట దారిలోని ఒకనాటి పల్లె 2018లో పురపాలక సంఘమైనది. ఆకాశమునంటు భవనములు లేచినవి. 158 కిలోమీటర్ల బాహ్య వలయ రహదారి దాని ప్రక్కగనే పోవుచున్నది. రాయదుర్గము, టీ-హబ్ పరిసరములలోని విశాలమైన తిన్నని బాటలపై వారాంతపు రాత్రులు కుఱ్ఱవాండ్రు మోటారుసైకిళ్ళతో పందెములు వేసికొనుటయు, పోలీసులు వాహనములను పట్టుకొనుటయు పత్రికలలో తఱచు చదువుచున్నాము. 1950 ప్రాంతమున కాలిఫోర్నియా వీధులలో జరిగినదియు ఇదియే. అచ్చట దానికి మందుగ కనుగొన్నది ఒక స్థలము, ఒక తేదీ.

సైకిలు వారికి అట్టి స్థలము మనకు లభించినది. 2023 అక్టోబరు 1న వలయ రహదారి వెంట నార్సింగి, కొల్లూరు, నానక్‌రామ్‌గూడ ప్రాంతములలో సుమారు 23 కిలోమీటర్ల బాట, పైన సూర్యశక్తి ఫలకముల కప్పుతో తెరువబడినది. కారులకు దూరముగ, ఎండ సోకక, సైకిలు త్రొక్కువారికి అది ఆశ్రయమైనది. మోటారుసైకిలు యువకునికో, నియమబద్ధమైన జాతీయ డ్రాగు పోటీలు చూడవలెనన్న, అవి జరిగిన చెన్నపట్న సమీపమందలి ఇరుంగాట్టుకోట్టై మైదానము ఆరువందల కిలోమీటర్ల దూరమున నున్నది.

డ్రాగు రేసునకు వలసినది మహాసౌధము కాదు. నాలుగువందల మీటర్ల తిన్నని బాట, వేగము తగ్గించుకొనుటకు అంతకు మించిన ఖాళీ నేల, ఇరువైపుల గోడ, వైద్యుడు, అంబులెన్సు, తల కాపాడు టోపీ. గ్రేట్ బెండులో గాని, చెన్నపట్నపు షోలవరములో గాని తొలిదినములలో వాడినవి యుద్ధకాలపు విమానపు బాటలే. వలసిన రెండవ వస్తువు చలికాలమందలి కొన్ని ఆదివారములు. వానలు వెడలి, ఎండలు ముదరకమునుపు, నవంబరు నుండి ఫిబ్రవరి వఱకు దక్కనులో బాట పొడిగ నుండును. మూడవది, ప్రభుత్వము మారినను, సంఘాధ్యక్షుడు మారినను, ఆ ఆదివారములను మార్చమని ముందుగ వ్రాసిన మాట.

ఆదివారము పందెమున్నదని నమ్మకముగ తెలిసిన కుఱ్ఱవాడు శనివారపు రాత్రి నడివీధిలో ప్రాణమును పణముగ పెట్టవలసిన అగత్యము తగ్గును. నమ్మకము లేని పట్టిక అతనిని మరల వీధికే పంపును. కాబట్టి మన నగరమున ఇట్టి పోటీ మరల ప్రకటింపబడిన నాడు, ఎవరు గెలుతురని అడుగుటకు ముందు, నేల ఎవరిది, ఋతువు ఏది, వచ్చే ఏడును ఇదే తేదీ యుండునా యని అడుగుట ఇంటి పెద్దలకును పౌరులకును మేలు.