పాత కారులో స్టార్టర్, ఇగ్నిషన్ లోపాలు: కారణ నిర్ధారణ క్రమం

వ్యాససంగ్రహం: పాత కారు స్టార్ట్ కానప్పుడు అనుమానం కలిగిన భాగాన్ని వెంటనే మార్చడం పరిపాటి. మార్చడం పరీక్షతో సమానం కాదని నిరూపిస్తూ, లక్షణం నుంచి కారణానికి చేరే క్రమాన్ని అంబాసిడర్ కారు ఆధారంగా వివరించడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలక పదాలు: అంబాసిడర్, సెల్ఫ్, డెల్కో, వోల్టేజి నష్టం, సవ్యభిచార హేతువు.

1. ఉపోద్ఘాతం

పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారా కర్మాగారంలో హిందూస్తాన్ మోటార్స్ సంస్థ 1950ల చివరి నుంచి 2014 వరకు అంబాసిడర్ కారును తయారుచేసింది. అందులో దీర్ఘకాలం వాడిన 1489 సి.సి. పెట్రోలు ఇంజనులో కంప్యూటర్ లేదు. కనుక లోపాన్ని కోడ్ రూపంలో చూపే స్కానర్ అక్కడ ఉపయోగపడదు. ధ్వని, నిప్పురవ్వ, వోల్టేజి మాత్రమే ఆధారాలు. మన వర్క్‌షాపుల్లో స్టార్టర్ మోటారును ‘సెల్ఫ్’ అనీ, డిస్ట్రిబ్యూటర్‌ను ‘డెల్కో’ అనీ వ్యవహరిస్తారు. డెల్కో అన్నది 1912 నాటి కాడిలాక్ కారుకు విద్యుత్ స్టార్టర్‌ను అందించిన అమెరికా సంస్థ పేరు.

2. తొలి విభజన

పరిశీలకుడు మొదట వేసుకోవలసిన ప్రశ్న ఒక్కటే: ఇంజను తిరగడం లేదా, లేక తిరుగుతున్నా అందుకోవడం లేదా? మొదటిది బ్యాటరీ, కేబుళ్ళు, సోలినాయిడ్, సెల్ఫ్‌లకు సంబంధించినది. రెండవది ఇగ్నిషన్‌కు గానీ, పెట్రోలు సరఫరాకు గానీ సంబంధించినది.

3. సెల్ఫ్ పరీక్ష

తాళం తిప్పినప్పుడు ‘టక్’మనే శబ్దం మాత్రమే వస్తే సెల్ఫ్ పాడైందని తీర్మానించడం సాధారణం. తర్కశాస్త్ర పరిభాషలో ఇది సవ్యభిచార హేతువు. అంటే సాధ్యం లేని చోట కూడా కనిపించే హేతువు. బ్యాటరీ నీరసించినా, కేబుల్ వదులైనా, సోలినాయిడ్ కాంటాక్టులు కాలినా అదే శబ్దం వస్తుంది.

గేరును న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండ్‌బ్రేక్ వేసి పరీక్ష ప్రారంభించాలి. పూర్తిగా చార్జ్ అయిన బ్యాటరీ విశ్రాంతిలో సుమారు 12.6 వోల్టులు చూపుతుంది. 12.2 అయితే చార్జ్ దాదాపు సగమే. సెల్ఫ్ తిప్పుతున్నప్పుడు 9.6 కంటే బాగా పడిపోతే బ్యాటరీ బలహీనమైనా కావచ్చు, మోటారు అధిక కరెంటు లాగుతున్నా కావచ్చు. మంచిదని తెలిసిన మరో బ్యాటరీ కలిపి చూస్తే ఈ రెండింటినీ వేరుచేయవచ్చు. వోల్టేజి పన్నెండుకు పైనే నిలిచిపోతే మాత్రం మోటారుకు కరెంటు అందడం లేదనో, మోటారు దాన్ని స్వీకరించడం లేదనో అర్థం.

ఇంజను రబ్బరు దిమ్మెలపై కూర్చుంటుంది గనుక దానికి ప్రత్యేక ఎర్త్ పట్టీ అవసరం. మీటరు ఒక కొనను బ్యాటరీ ఎర్త్ వైపు టెర్మినల్‌పై, మరొక కొనను ఇంజను లోహంపై ఉంచి సెల్ఫ్ వేయాలి. అర వోల్టు దాటి చూపితే నష్టం ఎర్త్ మార్గంలోనే ఉంది.

4. ఇగ్నిషన్ పరీక్ష

పాయింట్లు మూసుకున్నప్పుడు కాయిల్‌లో కరెంటు ప్రవహిస్తుంది. తెరుచుకున్న క్షణంలో అయస్కాంత క్షేత్రం కూలి వేల వోల్టులు పుడతాయి. పాయింట్ల వద్ద రవ్వ లేచి ఆ కూలుదల నెమ్మదించకుండా కండెన్సర్ చూస్తుంది.

డెల్కో మూత నుంచి కాయిల్ వైరును తీసి, ఇన్సులేషన్ ఉన్న పట్టకారుతో ఇంజను లోహానికి 6 మిల్లీమీటర్ల దూరంలో పట్టుకొని ఇంజనును తిప్పించాలి. దగ్గరలో పెట్రోలు కారుతూ ఉండకూడదు. బలమైన నీలిరవ్వ వస్తే కాయిల్, పాయింట్లు, కండెన్సర్ నిర్దోషులు. అప్పుడు రోటర్, మూతలోని పగులు లేదా తేమ, ప్లగ్గులు, టైమింగ్, పెట్రోలు మిగులుతాయి.

రవ్వ రాకపోతే కాయిల్‌కు డెల్కో వైపున్న టెర్మినల్‌కూ ఎర్త్‌కూ మధ్య టెస్ట్ లాంపు కలపాలి. ఇంజను తిరుగుతున్నప్పుడు దీపం ఆరుతూ వెలుగుతుంటే పాయింట్లు పనిచేస్తున్నాయి. అనుమానం కాయిల్, కండెన్సర్‌ల మీదికి మళ్ళాలి. ఎప్పుడూ వెలుగుతుంటే పాయింట్లు కలవడం లేదు. అసలు వెలగకపోతే కరెంటు రావడం లేదు, లేదా పాయింట్లు తెరుచుకోవడం లేదు. పాయింట్ల ఎడం 0.35-0.40 మిల్లీమీటర్లు ఉండాలి.

5. రెండు వ్యవస్థల పరస్పర ప్రభావం

ఈ విభజనకు ఒక పరిమితి ఉంది. సెల్ఫ్, కాయిల్ రెండింటికీ ఆధారం ఒకే బ్యాటరీ. సెల్ఫ్ బరువుగా తిరుగుతూ వోల్టేజిని పడగొడితే రవ్వ క్షీణిస్తుంది. తాళం వదిలిన క్షణంలోనే ఇంజను అందుకోబోయినట్లు కదిలితే అది దీని సూచన. అప్పుడు పాయింట్లు, కాయిల్ మార్చినా ప్రయోజనం ఉండదు.

6. మార్పిడిలోని హేతుదోషం

సెల్ఫ్ మార్చాలంటే కేబుల్ విప్పాలి. తిరిగి బిగించేటప్పుడు టెర్మినల్ శుభ్రమవుతుంది, పట్టు బిగుస్తుంది. కారు స్టార్ట్ అవుతుంది. ఖ్యాతి కొత్త సెల్ఫ్‌కు దక్కుతుంది. ఇక్కడ అన్వయం కనిపించింది గానీ వ్యతిరేకం పరీక్షకు నిలవలేదు. పాత సెల్ఫ్‌నే శుభ్రమైన టెర్మినల్‌తో మళ్ళీ బిగించి ఉంటే ఏమయ్యేదో ఎవరూ చూడలేదు. విప్పడంతోనే సాక్ష్యం చెరిగిపోయింది.

7. ముగింపు

ఉత్పత్తి ఆగిపోయిన వాహనానికి ఈ దోషం ఖరీదైనది. మంచి అసలు భాగం పాత ఇనుములో కలుస్తుంది, నాసిరకం భాగం దాని స్థానంలో చేరుతుంది, మూలకారణం కొంతకాలానికి తిరిగి తలెత్తుతుంది. విప్పకముందే కొలవడం, ఒకసారికి ఒక్క మార్పే చేయడం, ప్రతి ఫలితాన్నీ రాసిపెట్టడం - ఈ మూడు నియమాలు పాటిస్తే అనుభవజ్ఞులైన మెకానిక్కుల చేతివాటంలో ఉన్న జ్ఞానం ఇతరులూ పరీక్షించగల జ్ఞానమవుతుంది.