రైలు వెళ్ళిపోతుంది... ఫోటో మిగులుతుంది!

పుట్టింటికి వెళ్ళినా, తిరుపతి మొక్కు తీర్చుకోవడానికి వెళ్ళినా మనకి ముందు గుర్తొచ్చేది రైలే. తొలి కాన్పుకి అమ్మాయిని తీసుకొచ్చింది రైల్లోనే, సారె సామాను అత్తారింటికి చేరింది రైల్లోనే. అయినా మన ఆల్బమ్‌లు ఒకసారి తిరగేసి చూడండి. పెళ్ళిపందిరి ఉంటుంది, బారసాల ఉంటుంది, బీచిలో ఐస్‌ఫ్రూట్ తింటున్న పిల్లలుంటారు. స్టేషన్ మాత్రం ఉండదు. రోజూ చూసేదేగా, దానికి ఫోటో ఎందుకనుకుంటాం!

అలా అనుకుంటూండగానే పాతవన్నీ ఒక్కొక్కటే మాయమవుతున్నాయి. 1874లో వాడి నుంచి నిజాం రైలుమార్గం వచ్చి చేరిన సికింద్రాబాద్‌నే తీసుకోండి. అందరి కళ్ళల్లో నిలిచిపోయిన అక్కడి స్టేషన్ ముందుభాగాన్ని కొత్త భవనం కోసం 2025లో పడగొట్టేశారు. దేశం మొత్తం మీద 1,300కు పైగా స్టేషన్లని అమృత్ భారత్ పథకం కింద కొత్తగా తీర్చిదిద్దడానికి ఎంపిక చేశారు. మంచిదే. చంకలో చంటిపిల్ల, చేతిలో రెండు సంచులతో ఓవర్‌బ్రిడ్జి మెట్లెక్కిన ఏ ఆడదీ లిఫ్టు వద్దనదు. కానీ పాతది పోయేలోగా నాలుగు ఫోటోలు తీసి దాచుకుంటే మన సొమ్మేం పోయింది?

పేరు లేని మనవాళ్ళు

శ్రీకాకుళం జిల్లా నౌపడా నుంచి టెక్కలి, పాతపట్నం, పర్లాకిమిడి మీదుగా గుణుపురం దాకా ఒక బుల్లి రైలు నడిచేది. పర్లాకిమిడి రాజావారి చొరవతో 1900లో మొదలైన నారోగేజ్ లైను అది. 2004లో ఆ చిన్న రైలు ఆగిపోయింది. తర్వాత అదే దారిలో బ్రాడ్‌గేజ్ వచ్చింది. ఆవిరి ఇంజన్ల సంగతీ అంతే. మన దేశంలో వాటి తయారీ 1972తో ముగిసింది. బ్రాడ్‌గేజ్ మీద రోజువారీ రాకపోకల నుంచి 1995లో తప్పుకున్నాయి.

1970లలో, 80లలో ఆ ఇంజన్ల కోసమే విదేశాల నుంచి కెమెరాలు తగిలించుకుని వచ్చినవాళ్ళున్నారు. వాళ్ళ పుణ్యమా అని ఎన్నో బొమ్మలు మిగిలాయి. అయితే అలాంటి ఫోటోల కింద ఇంజన్ నంబరు ఉంటుంది, తేదీ ఉంటుంది. ప్లాట్‌ఫాం మీద గంప పెట్టుకు కూర్చున్న ఆవిడ పేరు మాత్రం ఉండదు. పాపం, వాళ్ళకెలా తెలుస్తుంది? అదే ఆ ఊరివాళ్ళెవరైనా తీసి ఉంటే, "జామకాయల సీతమ్మత్త" అని వెనకాల రాసి ఉండేవారు కదా! ఆ పని చేయాల్సింది మనమే.

ఇంజనొక్కటే కాదు, ఇల్లు కూడా

అమెరికాలో ఓ. విన్‌స్టన్ లింక్ అనే ఫోటోగ్రాఫర్ ఉండేవారు. నార్‌ఫోక్ అండ్ వెస్టర్న్ రైల్వేలో ఆవిరి ఇంజన్ల రోజులు అయిపోతున్నాయని గ్రహించి, 1955 నుంచి 1960 దాకా వాటి వెంట తిరిగారు. ఎక్కువగా రాత్రిపూట, బోలెడన్ని ఫ్లాష్ బల్బులు అమర్చుకుని తీసేవారు. ఆయన ఫోటోల గొప్పతనం ఇంజన్‌లోనే లేదు. ఒక దాంట్లో ఇంటి ముందుగది, కిటికీ అవతల దూసుకుపోతున్న రైలు. ఇంకో దాంట్లో కార్లలో కూర్చుని సినిమా చూస్తున్న జనం, పక్కనే పొగలు కక్కుతూ వెళ్తున్న ఇంజన్. రైలుతో కలిసి బతికిన ఊళ్ళని చూపించారాయన. వర్జీనియాలోని రోనోక్‌లో 2004లో ఆయన పేరున మ్యూజియమే వెలిసింది.

ఇల్లూ, మనుషులూ, వాళ్ళ హడావిడీ మనకి తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు చెప్పండి?

ఎక్కడ మొదలుపెట్టాలి?

మీ ఊరి స్టేషన్‌తోనే. పసుపురంగు మీద నల్లటి అక్షరాల బోర్డు, దాని మీద సముద్రమట్టం నుంచి ఎత్తు, ఆడవాళ్ళ విశ్రాంతి గదిలో పాత టేకు కుర్చీ, గంటగా వేలాడదీసిన పట్టా ముక్క, ఆవిరి ఇంజన్లకి నీళ్ళు పట్టిన తుప్పు గొట్టం... వీటిని ఎవరూ పట్టించుకోరు. ముందుగా పోయేవీ ఇవే. అమ్మమ్మ ట్రంకుపెట్టెలో పాత అట్ట టికెట్టు దొరికితే దాన్నీ ఫోటో తీసి ఉంచండి.

రాజమండ్రి వెళ్తే గోదావరి గట్టున కాసేపు నిలబడండి. 56 ఖానాల హేవ్‌లాక్ వంతెన మీద 1900 నుంచి 1997 దాకా రైళ్ళు నడిచాయి. ఎంతమంది తల్లులు దాని మీంచి గోదారమ్మకి డబ్బులు వేసి దణ్ణం పెట్టుకున్నారో! ఊరు నదికి తూర్పున ఉంది కాబట్టి పొద్దున్న వెలుగు వంతెన మీద చక్కగా పడుతుంది. సాయంత్రమైతే సూర్యుడు అవతలి ఒడ్డున దిగుతాడు, వంతెన నల్లటి గీతలా వస్తుంది. రెండూ అందమే.

హైదరాబాదులో 1916 నాటి కాచిగూడ స్టేషన్ గుమ్మటాలు చూడాల్సిందే. విశాఖ నుంచి అరకు వెళ్ళే దారిలో సొరంగాలు, లోయలు సరేసరి. ఆ లైనులోని శిమిలిగుడ సుమారు 997 మీటర్ల ఎత్తున ఉంది. ఒకప్పుడు దేశంలోని బ్రాడ్‌గేజ్ స్టేషన్లలోకెల్లా ఎత్తయినదిగా పేరు పొందింది.

కొన్ని మెళకువలు, కొన్ని జాగ్రత్తలు

ఖరీదైన కెమెరా అక్కర్లేదు, చేతిలో సెల్‌ఫోన్ చాలు. మిట్టమధ్యాహ్నం వద్దు, ఉదయం, సాయంత్రం ఎండ మెత్తగా ఉంటుంది. రైలు వచ్చేదాకా ఆగి హడావిడిగా నొక్కకండి. ముందే చోటు చూసుకుని, రైలొచ్చాక వరసగా నాలుగైదు తీసి మంచిది ఉంచుకోండి. బండి వెళ్ళాక ఖాళీ ప్లాట్‌ఫాంని మర్చిపోకండి. దానికీ ఒక అందం ఉంది.

ప్లాట్‌ఫాం టికెట్టు తప్పనిసరి. స్టేషన్ మాస్టరుగారికి ఒక మాట చెబితే పేచీ ఉండదు. కూలీనైనా, పూలమ్మే ఆమెనైనా అడిగే తీయండి. పసుపు గీత దాటద్దు, డ్రైవరు కళ్ళలోకి ఫ్లాష్ కొట్టద్దు. పట్టాల మీద సెల్ఫీ సరదా అసలే వద్దు. 1989 రైల్వే చట్టం ప్రకారం అనుమతి లేకుండా పట్టాల మీదకి వెళ్తే ఆరు నెలల దాకా జైలు, వెయ్యి రూపాయల దాకా జరిమానా పడవచ్చు. పైన తీగల్లో 25,000 వోల్టుల కరెంటు ఉంటుంది. అందుకని సెల్ఫీ కర్ర పైకెత్తడం, పెట్టె ఎక్కడం ప్రాణాంతకం.

"ఆడది స్టేషన్లో కెమెరా పట్టుకు నిలబడితే నలుగురూ ఏమనుకుంటారు?" అంటారా? సురేఖా యాదవ్ 1988లో మన దేశపు తొలి మహిళా రైలు డ్రైవరయ్యారు. 2025లో రిటైరయ్యేదాకా బండ్లు నడిపారు. ఆవిడ ఇంజన్ నడపగా లేనిది, మనం గట్టున నిలబడి ఫోటో తీయలేమా?

తీసినవి ఫోన్లోనే పడి ఉండనివ్వకండి. బాగున్నవి పది ప్రింట్లు వేయించి, వెనకాల ఊరు, తేదీ, మనుషుల పేర్లు రాయండి. ఇంట్లో పెద్దవాళ్ళకి చూపించండి. "ఇదిగో, ఈ చెట్టు కిందే మీ తాతయ్య నా కోసం గూడుబండి తెచ్చి ఆపారు" అంటూ మొదలుపెడతారు. అది కూడా రాసుకోండి. స్టేషన్‌ని మళ్ళీ కట్టుకోవచ్చు గానీ, ఆ మాట చెప్పేవాళ్ళు ఎల్లకాలం ఉండరు కదా.